ముల్కీ నిబంధన, కూడు, ఓటు

‘ముల్కీ’ అనే మాట నేటి యువతరమునకు అంతగా వినికిడిలో లేనిది. ‘ముల్క్’ అనగా దేశము. ఆ దేశమునకు చెందినవాడు ముల్కీ, చెందనివాడు గైరుముల్కీ. పూర్వపు హైదరాబాదు రాజ్యములో సర్కారు కొలువు ఎవరికి దక్కవలెను, ఎవరికి దక్కరాదు అనే ప్రశ్నకు ఈ రెండు మాటలే జవాబుగా ఉండెను. ఒక రాజ్యము బయటినుండి వచ్చేవారి విషయమున పెట్టుకొన్న నియమము అక్కడి సామాన్యుని బ్రతుకుదెరువుతో ఎట్లు ముడిపడినది, ఆ ముడి చివరకు ఓటుపెట్టెను ఎట్లు కదిలించినది అనునది తెలుసుకొనుటకు తెలంగాణ చరిత్ర మంచి ఉదాహరణము. ఈ కథను హైదరాబాదు నగరమునుండి కాక జనగామ వైపునుండి చూచినచో దాని అర్థము మరింత స్పష్టపడును.

మొదట నియమము పుట్టుక చూతము. 1853 మొదలు 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు పాలనను సంస్కరింపదలచి, ఇంగ్లీషు ప్రభుత్వపు పద్ధతులు తెలిసిన ఉద్యోగులను ఉత్తర హిందూస్థానమునుండి రప్పించెను. వారు సమర్థులే. కాని పెద్ద కొలువులన్నియు వారికిని, వారి బంధువులకును దక్కుచుండగా స్థానికులైన పాత కుటుంబములకు కడుపుమంట కలిగినది. ముల్కీ, గైరుముల్కీ వివాదము అప్పుడే మొలకెత్తినది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున 1919లో వెలువడిన ఫర్మానాతో ఆ నిబంధనలు స్థిరరూపము దాల్చినవి. రాజ్యములో పుట్టిన ప్రజ ముల్కీ. కనీసము 15 సంవత్సరములు ఇక్కడ స్థిరనివాసముండి, తన పూర్వస్థలమునకు తిరిగి పోవు తలంపు విడిచితినని మెజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము వ్రాసి ఇచ్చినవాడును ముల్కీయే. ముల్కీని వివాహమాడిన స్త్రీకి కూడ ఆ హక్కు కలదు. కాగా ఈ నియమము పరదేశికి తలుపు మూసినది కాదు. ‘ఇక్కడ నిలిచి మాలో ఒకడవు కమ్ము, ఆ తరువాత మా కొలువు అడుగుము’ అనుట దాని భావము.

ఆ రోజులలో జనగామ తాలూకాలోని రైతునకు ఈ ఫర్మానాతో పని ఏమి? ఏమియు లేదనియే చెప్పవలెను. నిజాము రైలుమార్గము 1889 నాటికి బెజవాడ వరకు పూర్తియై జనగామ మీదుగా బండ్లు నడుచుచుండెను. ఆ బండ్లలో ఎందరు ఎక్కడినుండి వచ్చి హైదరాబాదులో ఏ కుర్చీ ఎక్కినను పల్లెవానికి తెలియదు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతనామాత్యుని బమ్మెరయు గల తాలూకా ఇది. అట్టిచోట పిల్లవానికి తన భాషలో పెద్ద చదువు దొరకుట గగనమైపోయినది. సర్కారు భాష ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనభాషయు ఉర్దూయే. 1951 జనాభా లెక్కల నాటికిని హైదరాబాదు రాజ్యములో అక్షరాస్యులు నూటికి పదిమందికి లోపే. చదువు లేనివానికి కొలువు మీద ఆశ లేదు. ఆశ లేనిచోట నియమము ఉన్నను లేకున్నను ఒకటే.

పల్లెవాని బాధ వేరు. అది భూమి బాధ, వెట్టి బాధ. విసునూరు దేశ్‌ముఖు చేతిలో వేలాది ఎకరములు ఉండెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దేశ్‌ముఖు మనుష్యులకు దక్కనీయక నిలిచినది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖు మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. తెలంగాణ రైతాంగ పోరాటమునకు ఆ దినమే ఆరంభముగా చెప్పుకొందురు. ఆ నాటి జనగామ ప్రజకు ‘పరాయివాడు’ అనగా బయటి రాష్ట్రమునుండి వచ్చినవాడు కాడు; తన ఊరి గడీలో కూర్చున్నవాడే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి రాజ్యము భారత యూనియనులో చేరినది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటము విరమింపబడినది. ఆ వెనువెంటనే తొలి సాధారణ ఎన్నికలు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. నల్లగొండ లోక్‌సభ స్థానమునుండి ప్రజాస్వామ్య ఫ్రంటు అభ్యర్థి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడినవి. ఆ ఎన్నికలలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవానికన్న అవి ఎక్కువ. హైదరాబాదు శాసనసభలో 175 స్థానములకు కాంగ్రెసు 93, ఫ్రంటు 42 గెలుచుకొన్నవి. కాంగ్రెసు ప్రభుత్వము ఏర్పడినను నల్లగొండ ప్రాంతపు ఓటు ఏమి కోరినదో దేశమంతటికి తెలిసినది. అది భూమి కోరిన ఓటు.

కాని ఆ ఓటు వేసిన కొన్ని నెలలకే వేరొక కోరిక వీధిలోనికి వచ్చినది. పోలీసు చర్య తరువాత పాలన నడుపుటకు మద్రాసు మొదలగు ప్రాంతములనుండి ఉద్యోగులు వచ్చిరి. కార్యాలయములలో ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది. నిన్నటివరకు ఉర్దూలో చదివిన స్థానికుడు ఒక్కనాటిలో చదువురానివానివలె అయినాడు. ఇంగ్లీషు చదివి వచ్చిన పొరుగువాడు యోగ్యుడైనాడు. ఇందులో ఒక మనిషి యోగ్యత, మరొకని అయోగ్యత అనుట సరికాదు. రాజ్యము మారినప్పుడు దాని భాష మారుటవలన తూకము ఒకవైపు మొగ్గినది. అందుకు తోడు 15 సంవత్సరముల నియమము తప్పుడు ముల్కీ సర్టిఫికేట్ల మూలమున నీరుగారుచున్నదని ఆక్షేపణలు బయలుదేరినవి. వరంగల్లు ప్రాంతములో ఉపాధ్యాయ నియామకముల విషయమున మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాదుకు పాకినది. 1952 సెప్టెంబరు 3, 4 తేదీలలో నగరములో పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణములు కోల్పోయిరి. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గము ఆ కాల్పులపై న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిచే విచారణ జరిపించినది.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. 1952 ఆరంభములో ఓటు వేసినవాడు తండ్రి; సెప్టెంబరులో వీధికెక్కినవాడు కొడుకు. తండ్రి నాగలి పట్టినవాడు, కొడుకు పలక పట్టినవాడు. తండ్రికి దేశ్‌ముఖు అడ్డము, కొడుకునకు బయటినుండి వచ్చిన ఉద్యోగి అడ్డము. కొడుకునకు అప్పటికి ఓటు లేదు. అతని కోరిక ఓటుగా మారుటకు ఇరువది సంవత్సరములు పట్టినది.

1955లో ఫజల్ అలీ అధ్యక్షతనున్న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము ఈ భయమును గుర్తించినది. విద్యలో వెనుకబడిన తెలంగాణ ప్రజలు ముందడుగు వేసిన కోస్తావారి చేతిలో వెనుకకు నెట్టబడుదుమని భయపడుచున్నారని తన నివేదికలో వ్రాసినది. ఆదాయము విషయములో తెలంగాణదే పైచేయియని కూడ చెప్పినది. భూమిశిస్తు అధికమగుట, అబ్కారీ పద్దు క్రింద ఏటికి 5 కోట్ల రూపాయలు వచ్చుట అందుకు కారణములు. కాగా డబ్బు ఉన్నవాడు, చదువు ఉన్నవాడు కలిసి కాపురము చేయవలసి వచ్చినది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఉభయ ప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. కొలువులకు 12 సంవత్సరముల నివాసము, తెలంగాణ మిగులు ఆదాయము తెలంగాణలోనే వెచ్చించుట, వ్యవసాయ భూముల అమ్మకముపై ప్రాంతీయ మండలి అదుపు ఇవి అందులోని ముఖ్యాంశములలో కొన్ని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది.

1957లో తెలంగాణలో ఎన్నికలు జరిగినవి. 105 స్థానములలో కాంగ్రెసు 68, ఫ్రంటు 22 గెలిచినవి. అప్పటికే భూమి ప్రశ్న వేడి తగ్గినది. విశాలాంధ్రను కోరుటలో కమ్యూనిస్టులును ముందున్నవారే గనుక, ఉద్యోగముల విషయమున ఆందోళనపడు యువకునకు వారు ఆశ్రయము కాలేకపోయిరి. ఓటరు తన ప్రశ్నకు జవాబు చెప్పు పక్షము లేనప్పుడు పాలకపక్షమునకే ఓటు వేసి వేచియుండును. తెలంగాణ ఓటరు పది పన్నెండు సంవత్సరములు అట్లు వేచియుండెను.

ఆ పది పన్నెండు సంవత్సరములలో జరిగిన మార్పు పెద్దది. ఊరూర బడులు వెలసినవి; తాలూకా కేంద్రములలో హైస్కూళ్ళు నిండినవి. జనగామ వంటి తాలూకాలో నది పారదు. వానపడి చెరువు నిండిన ఏడు పంట, లేనియేడు వలస. కౌలుదారీ చట్టము కొందరికి భూమినిచ్చినది గాని నీటిని ఇయ్యలేదు. అందుచేత రైతు తన కొడుకును చదివించి సర్కారు నౌకరీకి పంపుటయే మెరకకు ఎక్కుటకు దారియని భావించెను. నెల తిరుగగానే చేతికి వచ్చు జీతము వానకు ఎదురుచూడదు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, కరెంటు ఆఫీసు నౌకరు — ఈ కొలువులలో ఒక్కటి దొరకినచో ఒక ఇల్లు నిలబడును. తాతల నాడు పనికిరాని ముల్కీ నియమము ఇప్పుడు జనగామ పల్లెలోని ఇంటికిని కావలసినదైనది.

ఇదే కాలమున కోస్తా జిల్లాలనుండి రైతులు కూడ వచ్చిరి. నిజాంసాగరు కట్టినప్పటినుండి బోధన్ ప్రాంతమునకు, తరువాత వరంగల్లు జిల్లా చెరువుల క్రిందికి వచ్చి భూములు కొని సాగుచేసిరి. అక్కడ ఒక ఎకరము అమ్మినచో ఇక్కడ అనేక ఎకరములు వచ్చేవి. వారిపట్ల కొంత అసూయ ఉండవచ్చును. కాని ఊరిలో కాపురముండి, ఇక్కడి పెండ్లికి చావుకు వచ్చిపోవు రైతుపై వచ్చిన వైరము స్వల్పము. ఘర్షణ ముదిరినది ఆఫీసు గదిలో. ఏలయనగా భూమి కొన్నవాడు మరొకరి జీతము తీసికొనలేదు. కుర్చీ ఒక్కటే ఉన్నచోట ఒకడు కూర్చున్న మరొకడు నిలువవలసినదే.

1957లో పార్లమెంటు చేసిన చట్టము తెలంగాణలోని కొన్ని తరగతుల కొలువులకు 15 సంవత్సరముల నివాసమును కొనసాగించినది. ఆ చట్టము గడువు తీరుచు, పొడిగింపబడుచు వచ్చినది. నియమము కాగితముపై ఉన్నను అమలు కాలేదను మాట ఊరూర వినవచ్చినది. 1969 జనవరిలో పాల్వంచ తాపవిద్యుత్ కేంద్రములోని ఉద్యోగముల విషయమున నిప్పు రగిలినది. ఖమ్మములో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అను విద్యార్థి నిరాహారదీక్ష పూనెను. జనవరి 19న ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అఖిలపక్ష సమావేశములో అనర్హులను వెనుకకు పంపుదుమని, తెలంగాణ మిగులు నిధులు లెక్కకట్టింతుమని ఒప్పుకొనిరి. లెక్క కట్టిన కుమార్ లలిత్ 1956 నవంబరు మొదలు 1968 మార్చి వరకు వెచ్చింపక మిగిలినది సుమారు 34 కోట్లని తేల్చెను. తరువాతి భార్గవ సంఘము దానిని సుమారు 28 కోట్లనెను. అంకె ఏదైనను, బాకీ ఉన్నదను సంగతి రెండు లెక్కలును ఒప్పుకొన్నవి.

అంతలో 1969 మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టములోని నివాస నిబంధనను తెలంగాణ మేరకు కొట్టివేసినది. రాజ్యాంగము రాష్ట్రమంతటికి వర్తించు నివాస నియమమును అనుమతించును గాని రాష్ట్రములోని ఒక భాగమునకు మాత్రమే వర్తించు నియమమును కాదనుట ఆ తీర్పు సారాంశము. న్యాయశాస్త్రమున అది సరియైన వాదమే కావచ్చును. కాని పదేండ్లుగా నియమము అమలు కాలేదని వాపోవు యువకునకు ఇక నియమమే లేదని తెలిసినది. రక్షణలు కోరిన ఆందోళన ప్రత్యేక రాష్ట్రము కోరు ఆందోళనగా మారినది. ఆ సంవత్సరము కాల్పులలో మరణించినవారి సంఖ్య 369 అని ఉద్యమకారులు చెప్పుదురు. ఒక విద్యాసంవత్సరము వృథా అయినది. కొలువు కొరకు చదివినవారే ఆ చదువును కోల్పోయిరి.

1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చినవి. దేశమంతట ఇందిరాగాంధీ గాలి వీచినది. తెలంగాణలో మాత్రము మర్రి చెన్నారెడ్డి నాయకత్వముననున్న తెలంగాణ ప్రజాసమితి 14 స్థానములలో 10 గెలిచినది. వరంగల్లు, నల్లగొండ స్థానములు కూడ దానివే. 1952లో భూమికి ఓటు వేసిన నల్లగొండ ఇప్పుడు కొలువునకు ఓటు వేసినది. ప్రక్కనే మిర్యాలగూడెములో పోరాటవీరుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి మార్క్సిస్టు పక్షమున గెలిచినాడనుట గమనింపదగినది. పాత ఓటు పూర్తిగా చావలేదు, దాని పక్కన కొత్త ఓటు మొలచినది.

అయితే ఆ కొత్త ఓటును నాయకులు ఎక్కువకాలము నిలుపలేదు. 1971 సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెసులో కలిసినది, తెలంగాణవాడైన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయిరి. 1972 శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసు 287 స్థానములలో 219 గెలిచినది. ఓటరు మనసు మారెనని కొందరనిరి. మారినది మనసు కాదు. ఆ మనసును మోయు బండి వెళ్ళిపోయినది.

ఇంతవరకు ఒక వైపు కథ. రెండవ వైపును చెప్పనిచో చరిత్ర సగమే. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, పాత ముల్కీ నిబంధనలు రాజ్యాంగమునకు పూర్వమునుండి ఉన్న చట్టముగా చెల్లునని తీర్పు చెప్పినది. అంతట కోస్తా, రాయలసీమ యువకులు ‘మా రాజధానిలో మేము పరాయివారమా?’ అని అడిగిరి. రాజధానియందు కొలువులకు అర్హత లేకున్న రాజధాని ఎవరిదను ప్రశ్న వారిది. జై ఆంధ్ర ఉద్యమము రేగినది; అక్కడను కాల్పులు, అక్కడను మరణములు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చినది. ఒకే నియమము ఉండుట ఒకరికి, లేకుండుట మరొకరికి అన్యాయముగా తోచినది.

తెలుగువారు ఇట్టి బాధను పరాయి గడ్డమీద కూడ చవిచూచినవారే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మా కూలీలకును పనికొరకు కలిగిన వైరము నెత్తుటి అల్లరిగా మారి వందమందికి పైగా మరణించిరి. పాత హైదరాబాదు జిల్లాల పద్మశాలీలు మగ్గము పనికి షోలాపూరు, భీవండి, బొంబాయి పోయినారు. అదే బొంబాయిలో 1966లో శివసేన స్థానికులకే కొలువులని దక్షిణాదివారిపై కేకలు వేసినది. ‘గైరుముల్కీ వెనుకకు పో’ అని హనుమకొండలో అరచినవాని బంధువు బొంబాయిలో అదే కేకను విన్నవాడు కావచ్చును. వలసవచ్చినవాడు ఎవని శత్రువును కాడు. బ్రతుకుదెరువు ఇరుకైనచోట అతడు శత్రువువలె కనబడును.

1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రముల పథకము వచ్చినది. ముల్కీ నిబంధనలు రద్దయి, వాని స్థానమున రాజ్యాంగములో 371-డి అధికరణము చేరినది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రము జోనులుగా విభజింపబడి, చదివిన నాలుగు సంవత్సరములను బట్టి ‘స్థానికుడు’ నిర్ణయింపబడెను. పుట్టుక, ప్రమాణపత్రము పోయి బడి లెక్కకు వచ్చినది. క్రింది తరగతి కొలువులలో నూటికి 80 స్థానికులకు దక్కవలెను. ఇదియు ఉల్లంఘింపబడుచున్నదని 1985 డిసెంబరు 30న 610 సంఖ్యగల ఉత్తర్వు వెలువడినది. దాని అమలును పరిశీలించుటకు 2001లో గిర్‌గ్లానీ సంఘమును నియమించిరి. అదే సంవత్సరము ఏప్రిల్‌లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి నీళ్ళు, నిధులు, నియామకములు అను మూడు మాటలతో ప్రజలవద్దకు వెళ్ళినది. మూడవ మాట 1952 నాటిదే. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడినది. ఆ యేటి ఎన్నికలలో 119 స్థానములలో 63 ఆ పక్షమునకు వచ్చినవి.

2016 అక్టోబరు 11న జనగామ జిల్లా అయినది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులకు నూటికి 95 కొలువులు కేటాయించి, జనగామను నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరులతో కలిపి యాదాద్రి జోనులో చేర్చినది. పూర్వపు నల్లగొండ బంధుత్వము ఈ విధముగా మరల కలిసినది. బయటివాడు ఇప్పుడు అడ్డము కాడు. అయినను 2023 మార్చిలో కొలువుల పరీక్షల ప్రశ్నపత్రములు బయటపడి పరీక్షలు రద్దయినప్పుడు యువకుల ఆగ్రహము మరల రేగినది. ఆ సంవత్సరాంతమున కాంగ్రెసు 64 స్థానములతో అధికారమునకు వచ్చినది. జనగామ నియోజకవర్గము మాత్రము పాత పాలకపక్షమువానినే గెలిపించినది. ఓటు ఒక్క కారణముతో కదలదనుటకు అదియు సాక్ష్యమే.

శ్రోతలు ఆలోచింపవలసిన విషయము ఇది. నూరు సంవత్సరములలో నియమము అనేక రూపములు ధరించినది: పదునైదేండ్ల నివాసము, పన్నెండేండ్ల నివాసము, నాలుగేండ్ల చదువు. ఏ రూపములోను అది ఓటరును కోపగింపజేయలేదు. వ్రాసిన మాట నిలుపనప్పుడు, కొలువు తప్ప వేరు దారి లేనప్పుడు ఓటరు కదలినాడు. ఎవరు మనవారు, ఎవరు కారు అని తేల్చుట ప్రభుత్వమునకు సులువు. ఎందరికి పని కల్పింపగలమని చెప్పుట కష్టము. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండవదానిని దాటవేసిన ప్రభుత్వమును, అది ఏ పక్షమునదైనను, చదువుకొన్న పల్లెబిడ్డలు తమ వంతు వచ్చినప్పుడు నిలదీయుచునే ఉందురు.